ముప్పది వెండి నాణెములు: ఆ ముఖం ఎవరిది?

ప్రశ్న: గుడ్ ఫ్రైడే నాడు మా సంఘానికి వచ్చిన ప్రసంగీకులు ఒక పాత వెండి నాణెం ఫొటో చూపించారు. ఒకవైపు కిరణాల నడుమ ముఖం, మరోవైపు పువ్వు. ఇస్కరియోతు యూదాకు ముట్టిన ముప్పయిలో ఇదొకటని, ఆ ముఖం ప్రభువుదని చెప్పారు. చరిత్ర మాస్టారుగా చేసిన మా మామగారు అది గ్రీకుల సూర్యుడంటున్నారు. ఎవరి మాట నిజం? మా అత్తగారి పెట్టెలోనూ చిల్లు ఉన్న పాత వెండి బిళ్ల ఒకటుంది. అదేమిటో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మీ మామగారి మాటే నిజమండీ. అది గ్రీకుల రోడ్స్ దీవిలో క్రీస్తుకు పూర్వమే ముద్రించిన నాణెం. ముఖం ఆ దీవివారి ఇలవేల్పు, సూర్యుడైన హీలియోస్‌ది. పువ్వు గులాబీ, గ్రీకులో దాని పేరు 'రోడోన్' గనుక దీవి పేరుకు అది గుర్తు. ఇలాంటి నాణేలను ఐరోపాలో చాలాచోట్ల యూదా నాణేలని నమ్మి కళ్లకద్దుకున్నారు. రోమ్‌లోని శాంటా క్రోచే చర్చిలోనూ ఒకటి ఉండేది. ముఖం చుట్టూ లేచిన కిరణాలను చూసిన భక్తుడికి ముళ్ల కిరీటం స్ఫురించడం సహజమే కాబట్టి, దాన్ని మోసమని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. పైగా ఆ నాణేలను అబ్రాహాము తండ్రి తెరహు చేశాడని, అవే చేతులు మారుతూ యూదా దాకా వచ్చాయని 12వ శతాబ్దంలో ఇటలీలోని వితెర్బో వాసి గాడ్‌ఫ్రే రాసిన కథ అప్పటికే ప్రచారంలో ఉంది.

16వ శతాబ్దపు పండితులు ఈ పాత నాణేలను చూసే తీరే మార్చారు. ఫ్రాన్సులో గియోమ్ బ్యూదే 1515లో రోమన్ల ద్రవ్యంపై గ్రంథం వెలువరించినప్పుడు, ప్రాచీన రచయితల లెక్కలను నమ్మి ఊరుకోకుండా నాణేలను స్వయంగా తూచి సరిచూశాడు. స్పెయిన్‌లో తర్రగోనా ఆర్చిబిషప్ ఆంతోనియో అగుస్తీన్ నాణేలపై రాసిన సంభాషణలు 1587లో అచ్చయ్యాయి. అసలును నకిలీ నుంచి వేరుచేయడం గురించి అందులో ఆయన ప్రత్యేకంగా చర్చించాడు. అంతటి మతాధికారే నాణేన్ని ఇలా పరీక్షకు పెట్టడం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది. ఆ కంటితో చూస్తే, రోడ్స్ నాణెం మీది గ్రీకు అక్షరాలే దాని ఊరు చెబుతాయి.

మత్తయి సువార్తలో ప్రధానయాజకులు ముప్పది వెండి నాణెములు 'తూచి' ఇచ్చారని ఉంది. అవి దేవాలయపు పన్నుకు చెల్లే తూరు పట్టణపు నాణేలై ఉంటాయని నేటి పండితుల్లో ఎక్కువమంది భావన. ఒక్కొక్కటి సుమారు 14 గ్రాములు. ఒకవైపు మెల్కార్ట్ దేవుడి తల, మరోవైపు గద్ద.

చిల్లు సంగతికి మన నెల్లూరులోనే సాక్ష్యం ఉంది. 1780ల్లో నెల్లూరు దగ్గర దున్నుతున్న రైతుకు చిన్న గుడి శిథిలాల్లో కుండెడు రోమన్ బంగారు నాణేలు దొరికాయి. రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్‌ల పేర, చక్రవర్తిని ఫౌస్టీనా పేర వెలువడిన నాణేలవి. పాత బంగారం కింద అమ్మేయడంతో చాలా భాగం కరిగిపోగా, ముప్పయికి పైగా నవాబుగారి చేతికి చేరాయి. వాటిలో కొన్ని కొత్తగా మెరుస్తున్నాయని, కొన్నింటికి నగల్లా ధరించిన చిల్లులున్నాయని మద్రాసు గవర్నర్‌గా పనిచేసిన డేవిడ్‌సన్ రాశాడు.

మీ బిళ్లకూ చిల్లు అలాగే పడి ఉండవచ్చు. సీతారాముల బొమ్మ ఉంటే అది పూజకోసం చేసిన రామటెంకి కావచ్చు. ఏదైనా సరే, చింతపండు పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. కంసాలి త్రాసులో తూయించి, రెండువైపులా ఏటవాలు వెలుతురులో ఫొటోలు తీసి, బరువు గ్రాముల్లో రాసి మాకు పంపండి.