కృష్ణ మీనన్ ఆ కుర్చీకి తగినవాడేనా?

ప్రశ్న: మా పెదనాన్నగారు 62 చైనా యుద్ధంలో పనిచేసి వచ్చారు, ఉన్నన్నాళ్లూ అప్పటి రక్షణ మంత్రి వి.కె.కృష్ణ మీనన్ పేరెత్తితే మండిపడేవారు. మా బావేమో కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి నేవీలో ఆఫీసరయ్యాడు, ఆ స్కూళ్లు పెట్టించింది మీననే కదా అంటాడు. ఇంతకీ ఆయన ఆ పదవికి తగినవాడేనా? గోడమీద పిల్లిలా కాకుండా చెప్పండి.
– ఓ పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: తగినవాడు కాదు. అలాగని మీ బావ అన్నదాంట్లో తప్పేం లేదు. సైనిక్ స్కూళ్లు మొదలైంది 1961లో, మన కోరుకొండది 1962లో వచ్చింది. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో 1958లో ఏర్పడిందీ ఆయన హయాంలోనే, మన విశాఖలోని నౌకాదళ ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఆ తర్వాత ఎప్పుడో దాని కింద పెట్టిందే. ఇక్కడే తయారైన మారుత్ యుద్ధ విమానం ఎగిరిందీ అప్పుడే. ఆయుధాలు ఇక్కడే తయారు కావాలని అంత పట్టుబట్టిన మంత్రి ఆ రోజుల్లో ఇంకొకరు లేరు. డబ్బుల దగ్గర ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్‌తో ఆయనకు అసలు పడేది కాదు, అదీ నిజమే.

చిక్కంతా మనుషుల దగ్గర వచ్చింది. తెలివి ఎంతుందో నోటి దురుసు అంతుంది, ఎదుటివాడు జనరలైనా సరే గుమాస్తాతో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. 1959లో ఆర్మీ చీఫ్ తిమ్మయ్య విసిగిపోయి రాజీనామా ఇచ్చేస్తే, నెహ్రూ బతిమాలి వెనక్కి తీసుకునేలా చేసి, తీరా పార్లమెంటులో ఆయన్నే తప్పుపట్టాడు. ఆ తర్వాత ఏ ఆఫీసరు ధైర్యం చేసి ఉన్నమాట చెబుతాడు? యుద్ధంలో దళాన్ని నడిపిన అనుభవం పెద్దగా లేని జనరల్ బి.ఎం.కౌల్‌ని పైకి తెచ్చి, చివరికి 1962 అక్టోబరులో ఈశాన్యంలో కొత్త కోర్ (పెద్ద సైనిక విభాగం) ఆయన చేతికే అప్పగించారు. ఆయన జబ్బుపడి ఢిల్లీ వచ్చి మంచం మీంచే ఆర్డర్లు ఇచ్చాడు. అక్కడ సరిహద్దులో నామ్‌కా చూ నది దగ్గర మన జవాన్లు అంత చలిలో సరైన ఉన్నిబట్టలు కూడా లేకుండా పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్లతో నిలబడ్డారు. మీ పెదనాన్నగారి కోపం ఊరికే వచ్చింది కాదు.

జీపుల కుంభకోణం (ఆయన లండన్‌లో హైకమిషనర్‌గా ఉండగా మన సైన్యానికి జీపులు కొన్న వ్యవహారం) సంగతి అడగలేదు గానీ, ఆయన్ని తిట్టేవాళ్లు ముందు ఎత్తేది అదే. ప్రభుత్వం 1955లో ఆ వ్యవహారం మూసేసింది, దాన్ని పట్టుకుని తీర్పు చెప్పడం నాకిష్టం లేదు.

1962 అక్టోబరు 31న నెహ్రూ రక్షణ శాఖ తాను తీసుకుని మీనన్‌కి రక్షణ ఉత్పత్తి ఒక్కటే ఉంచాడు. వారం తిరక్కుండా, నవంబరు 7న, అదీ పోయింది. 1957లో మంత్రిని చేసినప్పుడే ఆ ఒక్క పనీ ఇచ్చి ఉంటే ఎంత బాగుండేదో! అందుకే నా లెక్కలో తప్పు మీనన్‌ది సగమే, మిగతా సగం నెహ్రూది. తిమ్మయ్య రాజీనామా చేతిలో పడ్డాక కూడా స్నేహితుణ్ణి కదపలేదు చూడండి, అది నాకు మింగుడుపడదు.

ప్రశ్న: మరి అంత పరువు పోయాక జనం మళ్లీ ఎలా గెలిపించారండీ? (అదే పాఠకుడు)

జవాబు: వెంటనే గెలిపించలేదు. 1967లో కాంగ్రెస్ టికెట్ ఇవ్వకపోతే బొంబాయిలో ఇండిపెండెంట్‌గా నిలబడి ఓడిపోయాడు. 1969 ఉపఎన్నికలో మిడ్నాపూర్, 1971లో త్రివేండ్రం ఆయన్ని లోక్‌సభకు పంపాయి. రెండూ వామపక్షాలకు పట్టున్న రాష్ట్రాల్లోనివే, వాళ్ల మద్దతూ ఆయనకే ఉంది.