బియ్యంల రెక్కల పురుగులు, నీలగిరి తైలంతో పోతయా?

ప్రశ్న: అక్కా నమస్తే, మాది హన్మకొండ. ఊరి నుంచి తెచ్చిన బియ్యం, జొన్నలు డ్రమ్ములల్ల పోసినం, ఇప్పుడు మూత తీస్తే చాలు బూడిద రంగు రెక్కల పురుగులు లేస్తున్నయి, గింజలు దారంతో కుట్టినట్టు గడ్డలు కట్టినయి. మా ఆయన మందు బిళ్ళలు తెస్తనంటుండు, నాకేమో పిల్లలున్నరని భయం. నీలగిరి తైలం, లవంగ నూనె పెడితే పోతయంటున్నరు, నిజమేనా?

జవాబు: చెల్లె, ముందుగాల బిళ్ళల ముచ్చట. అవి ఇంట్లకి రానియ్యకు, దండం పెడ్త. గాలిల తడి తాకితే చాలు వాటి నుంచి ఫాస్ఫీన్ గ్యాస్ లేస్తది, దానికి విరుగుడు మందే లేదు, ట్రైనింగ్ ఉన్నోళ్ళు గోడౌన్లల్ల వాడేటివి అవి.

నూనెల సంగతి నిజమే. నీలగిరిల సినియోల్, లవంగంల యూజెనాల్, వాములో థైమాల్ ఉంటయి, వాటి ఆవిరి పురుగు పక్కలకుండే సన్నటి రంధ్రాల నుంచి లోపలికి పోయి నరాల మీద పని చేస్తది. గింజల పురుగులకు గోడౌన్లల్ల వాడే మిథైల్ బ్రోమైడ్ గ్యాస్ ఓజోన్ పొరను పాడుజేస్తదని మాంట్రియల్ ఒప్పందం కింద మన అసొంటి దేశాలల్ల గూడ 2015 కల్లా చాలా వాడకాలకు ఆపేసిన్రు, అందుకే ఈ నూనెల మీద పరిశోధన పెరిగింది. కానీ ల్యాబుల మూత బిగించిన సీసాల చూస్తరు, అదే నిండు డ్రమ్ములైతే ఆవిరిని గింజలే పీల్చుకుంటయి, మూత లూజుంటే మిగిలింది బయటికి పోతది, గూడు లోపలున్న పురుగు దాకా సరిగ చేరదు. నీకు ఎగిరేటివి కనపడ్తున్నయి గని అవి గింజ తినయి, తినేది ఆ గడ్డలల్ల ఉన్న తెల్ల పురుగే, ఎగిరేది ఒక్కటి వందకు పైనే గుడ్లు పెడ్తది. అందుకని గడ్డలన్ని ఏరి బయట పారేసి, బియ్యం జల్లెడ పట్టి, జొన్నలు మంచి ఎండల పల్చగ పోసి చల్లారినంక ఎత్తు, డ్రమ్ము అంచుల, మూత సందుల బ్రష్షుతో గీకి కడిగి బాగ ఆరబెట్టు, గుడ్లు, గూళ్ళు అక్కడనే దాక్కుంటయి.

అటెన్క నూనె. దూది మీద కొన్ని చుక్కలేసి, చిల్లులున్న చిన్న డబ్బిల పెట్టి మూత లోపలి దిక్కు కట్టు, మూత గట్టిగ బిగించు. గింజలల్ల మాత్రం పొయ్యకు, వాసన అన్నంల గూడ వస్తది, పైగా నీలగిరి తైలం పిల్లలు మింగితే విషం, సీసా అందకుండ పెట్టు. ఇది కొత్తగ వచ్చేటివాటిని ఆపనీకే, ఉన్నదాన్నంత చంపుతదనుకోకు.

రవ్వ, పిండి అయితే నూనెతో పనే లేదు, కవర్ల కట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్ల పెట్టు, గుడ్లతో సహా చస్తయి.