అటక మీద తుపాకి దొరికిన మా అల్లుడికి

ఒరే అబ్బయ్యా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన నాలుగు ఫోటోలూ, వాటి వెనకాలే పంపిన వేలంపాట వార్తా చూశాను. ఉదయగిరి ఇంటి అటక మీద గోనెపట్టాలో చుట్టి ఉన్న మీ తాత తుపాకికి కోటి వస్తుందని లెక్కలేసుకుంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కోటి సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు దాన్ని చేతిలో పట్టుకుని సెల్ఫీలు దిగడం ఆపు. మూతి నుంచి మందు దట్టించే తుపాకులు కొన్ని దట్టించినవి దట్టించినట్టే మూల పడి ఉంటాయి. నేను కలెక్టరేట్‌లో ఆయుధాల లైసెన్సుల ఫైళ్లు చూసే రోజుల్లో తుపాకులు బాగుచేసే ఆర్మరర్ ఒకతను చూపించాడు, గొట్టంలోకి సన్నటి కర్ర దించి, మూతి దగ్గర వేలు పెట్టి పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించాడు, కర్ర అడుగుదాకా పోకుండా నాలుగు వేళ్లు ముందే ఆగింది. అంటే లోపల మందు ఇంకా ఉందన్నమాట. ఆ పని నువ్వు చెయ్యొద్దు, దానికి మనుషులున్నారు.

ధరలు పెరిగిన మాట నిజమే, నేను కాదనను. అమెరికా బందిపోటు బిల్లీ ద కిడ్‌ని కాల్చి చంపిన కోల్ట్ పిస్తోలు 2021లో అరవై లక్షల డాలర్లు దాటింది, 1847 నాటి కోల్ట్ వాకర్ రివాల్వర్ ఒకటి 2018లో పద్దెనిమిది లక్షల డాలర్లు పలికింది, నెపోలియన్ పిస్తోళ్ల జత 2024లో ఫ్రాన్సులో దాదాపు పదిహేడు లక్షల యూరోలకు పోయింది. మన టిప్పు సుల్తాన్ కోసం శ్రీరంగపట్నంలో చేసిన చెకుముకి తుపాకికైతే 2023లో ఇంగ్లండులో ఇరవై లక్షల పౌన్ల విలువ కట్టి, దేశం దాటకుండా కొంతకాలం ఆపారు. ఇవన్నీ చదివి నీకు నిద్ర పట్టట్లేదు, అర్థమైంది. కానీ ఒక్కసారి చూడు, ఇందులో ఏదీ ఉత్త పాత ఇనుము కాదు. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో కాగితం మీద ఉంది, లేదా ఆ వాకర్‌లా తయారైనవే వెయ్యీ పదకొండొందలు, వాటిలో పెట్టెతో సహా మిగిలింది ఒకటి. పైగా అమెరికాలో 1898లోగా తయారైన తుపాకిని అక్కడి కేంద్ర చట్టం పాతవస్తువు కిందే చూస్తుంది, అందుకే కొనేవాళ్లు ఎక్కువ, పాట పైకి పోతుంది. ఉదయగిరిలో ఆ లెక్క నడవదు.

మన దగ్గర రేట్లు పెరగడానికి కారణం వేరు. ఎనభైల మధ్యలో బయటి తుపాకులు మామూలు జనానికి రావడం దాదాపు ఆగిపోయింది, దాంతో అంతకుముందు వచ్చిన వెబ్లీ రివాల్వర్లు, ఇంగ్లీషు డబుల్ బ్యారెల్‌లు లైసెన్సున్నవాళ్ల మధ్య లక్షలకు చేతులు మారాయి. నీ దగ్గరున్నది ఆ జాతి కాదు. మీ తాతకి అడవిపందుల కోసం, పంట కాపలాకి ఇచ్చిన లైసెన్సు ఉండేదని మీ నాన్న ఒకసారి అన్నాడు. ఆ లెక్కన అది ఊళ్లో కమ్మరి చేసిన గొట్టం అయినా కావచ్చు. నిరుత్సాహపడకు, నా అనుమానం చెప్తున్నా అంతే.

మూడో ఫోటో పెద్దది చేసి చూశాను. ట్రిగ్గర్‌కి పైన, పక్కనున్న ఇనప పలక మీద తుప్పు కింద ఏదో గుర్తు ఉంది. దాన్ని గోకొద్దురా! తడిగుడ్డ కూడా పెట్టొద్దు. నా ఇరవై రెండో ఏట మా తాత తుపాకిని పండక్కి మెరిపిద్దామని చింతపండు, ఇటుకపొడి వేసి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తోమాను, బిందె తోమినట్టు. తెల్లగా మెరిసింది, మా అమ్మ మెచ్చుకుంది కూడా. ఏళ్ల తర్వాత మద్రాసు నుంచి వచ్చిన ఒకాయన భూతద్దం పెట్టి ఆ పలక చూసి, ఇక్కడ ఈస్టిండియా కంపెనీ వాళ్ల హృదయం ముద్ర ఉండేది, సగం గీత మిగిలింది అని చెప్పి, మళ్లీ మాట్లాడకుండా చెంబులో నీళ్లు తాగి వెళ్లిపోయాడు. కంపెనీ మొదట్లో హృదయం ఆకారం కొట్టేది, తర్వాత సింహం బొమ్మ. అలాగని సింహమో, ఇంగ్లీషు సర్కారు తుపాకుల మీద ఉండే కిరీటం, దాని కింద టవర్ అన్న అక్షరాలో కనబడగానే ఎగరొద్దు, అవే గుర్తులు కొత్త ఇనుము మీద కొట్టి, యాసిడ్‌తో తుప్పు పట్టించి అమ్మేవాళ్లు బోలెడుమంది. అచ్చుగుద్దినట్టు ఒకేలా తుప్పు పట్టిందంటే నాకు వెంటనే డౌటు వస్తుంది.

ఇక అసలు టెన్షన్ పడాల్సింది చట్టం గురించి. పాత పద్ధతిదై, రిపేరు చేసినా పేలని తుపాకికి 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, కానీ పేలుతుందో లేదో తేల్చేది నువ్వూ నేనూ కాదు. పేలేదైతే, లైసెన్సు లేకుండా ఉంచుకున్నందుకు 2019 సవరణ తర్వాత రెండు నుంచి ఐదేళ్ల దాకా జైలు. వారసుడిగా లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు, లేదా స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకోవచ్చు. వందేళ్లు దాటిందని తేలితే 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, దేశం బయటికి నువ్వు పంపడం నేరం, కాబట్టి విదేశీ వేలంపాట ఆశ ఇక్కడితో వదిలెయ్. ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టి రేటు అడిగావని కూడా విన్నాను. ఈ రాత్రికే తీసెయ్.

వెంకటగిరి వైపు నుంచి ఎవరో బ్రోకర్ ఫోన్ చేస్తున్నాడట (ఆ ఊరిని ఇప్పుడు తిరుపతి జిల్లాలో కలిపారు గానీ నా నోటికి ఇంకా నెల్లూరనే వస్తుంది). సంస్థానం తుపాకి అని చెప్పి అమ్మిపెడతాడట. సంస్థానం అనడానికి అతని దగ్గర కాగితమేదో అడుగు, మళ్లీ ఫోన్ చెయ్యడు.

ఇప్పుడు నువ్వు వెతకాల్సింది కాగితాలు. మీ తాత ట్రంకుపెట్టెలో పాత లైసెన్సు పుస్తకం ఉండాలి, ఏటేటా రెన్యువల్ ముద్రలు, ఎలక్షన్లప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన రసీదులు ఉంటాయి, చెదలు తిన్నా సరే పారెయ్యకు. తుపాకి నంబరు, కొన్న షాపు పేరు అందులోనే దొరకొచ్చు. సోమవారం అవి పట్టుకుని బస్సెక్కు, తుపాకి మాత్రం తేవద్దు. ఆత్మకూరు బస్టాండు దగ్గర దిగి ఫోన్ చెయ్, ఇద్దరం కలిసి ఒక లాయరుతో మాట్లాడి, మనంతట మనమే పోలీసులకి రాతపూర్వకంగా చెప్పుకుందాం.

ఇంకోటి. మీ నడవాలో మీ తాత తుపాకి భుజాన పెట్టుకుని నిలబడ్డ ఫోటో ఒకటి వేలాడుతుండేది. దాని వెనక అట్ట మీద పెన్సిల్‌తో ఏదో తేదీ రాసి ఉండటం నాకు గుర్తు. ఫ్రేము విప్పకుండా అలాగే తీసుకురా.

మీ మామయ్య