ఏబీఏ పదాలు కలిసిపోతున్నాయా? 40 గంటల కోర్సుకు డబ్బు కట్టే ముందు చదవండి

ప్రశ్న: మాది దిల్‌సుఖ్‌నగర్. బీఏ సైకాలజీ ఫైనలియర్ చదువుతున్నాను. ఆటిజం ఉన్న పిల్లల థెరపీ సెంటర్‌లో బిహేవియర్ థెరపిస్ట్‌గా చేరాలనుంది. ప్రవర్తనను గమనించి, కొలిచి మార్చే పద్ధతి అయిన అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్ (ఏబీఏ) పదాలు ఎంత బట్టీపట్టినా కలిసిపోతున్నాయి. 40 గంటల ఆన్‌లైన్ కోర్సు చేస్తే అమెరికా సర్టిఫికెట్ వస్తుందంటున్నారు. చేరమంటారా?

జవాబు: ఆ మాట నమ్మి డబ్బు కట్టకండి. ఈ రంగంలో సర్టిఫికెట్లు ఇచ్చే అమెరికాలోని బీఏసీబీ (బిహేవియర్ అనలిస్ట్ సర్టిఫికేషన్ బోర్డ్) సంస్థ 2023 జనవరి నుంచి ఇండియాలో ఉండేవారి దరఖాస్తులు తీసుకోవడం లేదు. అది ఇచ్చే ఆర్‌బీటీ (రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్) సర్టిఫికెట్‌కు కూడా 40 గంటల శిక్షణ మొదటి మెట్టే. ఆ పైన నైపుణ్యాల పరిశీలన, పరీక్ష ఉంటాయి. కోర్సు బాగుంటే నేర్చుకోవడానికి చేరండి, సర్టిఫికెట్ కోసం మాత్రం వద్దు.

ఇక పదాల సంగతి. మనం ఏ ఉద్దేశంతో చేశామన్నది చూసి పేరు పెడితే తికమక తప్పదు. రెండే ప్రశ్నలు వేసుకోండి. ప్రవర్తన జరగగానే ఏదైనా వచ్చి చేరిందా, ఉన్నది పోయిందా? ఆ తర్వాత ఆ ప్రవర్తన పెరిగిందా, తగ్గిందా? చేరితే పాజిటివ్, పోతే నెగెటివ్. పెరిగితే రీఇన్‌ఫోర్స్‌మెంట్, తగ్గితే పనిష్‌మెంట్. పజిల్ ముందు పెట్టగానే బాబు బల్ల బాదాడు, టీచర్ పజిల్ తీసేశారు, ఆ రోజు నుంచి బాదడం ఎక్కువైంది. ఇది నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. అదే గదమాయించిన కొద్దీ అల్లరి పెరుగుతుంటే, ఆ గదమాయింపే పాజిటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్‌గా పనిచేస్తోందన్నమాట. ఇంటర్వ్యూల్లో చాలామంది తడబడేది ఇక్కడే.

ఎక్స్‌టింక్షన్ అంటే పట్టించుకోకపోవడం అని రాసుకుని ఉంటే ఆ నోట్సు దిద్దుకోండి. ప్రవర్తనను ఏది నిలబెడుతోందో దాన్ని అందకుండా చేయడమే ఎక్స్‌టింక్షన్. పెద్దల దృష్టి కోసం అరిచే పిల్లవాడిని పట్టించుకోకపోతే అది ఎక్స్‌టింక్షనే. పని తప్పించుకోవడానికి అరిచేవాడిని అలా వదిలేస్తే, వాడు కోరుకున్నదే ఇచ్చినట్టు. పైగా మొదట్లో ప్రవర్తన తాత్కాలికంగా ఉధృతం కావచ్చు. దీన్నే ఎక్స్‌టింక్షన్ బర్స్ట్ అంటారు. ఆ సమయంలో లొంగిపోతే ఇంకా గట్టిగా అరిస్తే దొరుకుతుందని నేర్పినట్టవుతుంది. అందుకే కారణం తేల్చుకోకుండా మొదలుపెట్టకూడదు. దానితోపాటు 'బ్రేక్ కావాలి' అని చెప్పడమో, కార్డు చూపడమో కూడా నేర్పాలి. తనను తాను గాయపరుచుకునే పిల్లల విషయంలో సూపర్‌వైజర్ లేకుండా అసలు చేయకూడదు.

వీటన్నిటికన్నా ముందు కొలవడం రావాలి. 'మొండితనం' కొలవలేం. 'అరచేత్తో బల్ల మీద శబ్దం వచ్చేలా కొట్టడం' అని రాస్తే ఎవరైనా లెక్కపెట్టగలరు. 30 నిమిషాల్లో 12 సార్లు అంటే నిమిషానికి 0.4. సెషన్ల నిడివి మారుతుంది కాబట్టి ఇలా రేటులో రాయాలి. ఏడుపు లాంటి వాటికి ఎన్నిసార్లు అన్నదానికన్నా ఎంతసేపు అన్నది ముఖ్యం.

సాధన టీవీ చర్చతో చేయండి. 'ఒకరు మాట్లాడుతుండగా మరొకరు మధ్యలో అందుకోవడం' అంటే ఏమిటో ముందు రాసుకుని, మీరూ ఒక స్నేహితురాలూ పది నిమిషాలు విడివిడిగా లెక్కపెట్టండి. మీకు 16, ఆమెకు 20 వస్తే చిన్న సంఖ్యను పెద్దదానితో భాగించండి, 80 శాతం. అంతకన్నా తగ్గితే నిర్వచనం సరిగా లేదేమో చూసుకోండి.

హైదరాబాద్‌లోనే స్థిరపడాలనుకుంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపున్న స్పెషల్ బీఈడీ, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే టీచర్ల కోర్సు, గట్టి దారి. మేధో వైకల్యం ఉన్నవారి కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉన్న జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ కోర్సుల నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. ఎమ్మెస్సీ సైకాలజీ చేసినా, పిల్లలతో పనిచేసే శిక్షణ విడిగా కావాల్సిందే.

ఈలోగా సెంటర్‌లో చేరేటట్టయితే జీతం కన్నా ముందు రెండు విషయాలు అడగండి. వారానికి ఎన్ని గంటలు సూపర్‌వైజర్ మీ సెషన్‌లో కూర్చుంటారు? పిల్లల పేర్లు తీసేసిన డేటా షీటు ఒకటి చూపిస్తారా? షీటే లేదంటే వేరే సెంటర్ వెతుక్కోండి.