షుగర్ తిమ్మిర్లా, సీఐడీపీయా? నరాల పరీక్ష ఏం తేలుస్తుంది

ప్రశ్న: మాది గాజువాక. షుగర్ ఉన్న నాన్నగారికి మూడు నెలలుగా కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, మెట్లెక్కలేకపోతున్నారు. డాక్టరు ఎన్‌సీఎస్ (నరాల్లో సంకేతం వేగం చూసే పరీక్ష), ఈఎంజీ (కండరాల పరీక్ష) రాశారు. అవసరమా?

అవసరమేనండీ, వాయిదా వేయకండి. షుగర్ తిమ్మిర్లు సాధారణంగా పాదాల్లో మొదలై ఏళ్ల తరబడి మెల్లగా పైకి పాకుతాయి. తొడలు, భుజాలు కూడా పట్టు తప్పుతూ, 8 వారాలు దాటినా బలహీనత పెరుగుతూనే ఉంటే సీఐడీపీ (క్రానిక్ ఇన్‌ఫ్లమేటరీ డీమైలినేటింగ్ పాలీన్యూరోపతీ) అనే నరాల జబ్బును అనుమానించాలి. ఇందులో మన రోగనిరోధక వ్యవస్థే నరం మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది.

ఎన్‌సీఎస్‌లో చర్మం మీద చిన్న షాక్ ఇచ్చి సంకేతం వేగం కొలుస్తారు. చేతి నరాల్లో అది మామూలుగా సెకనుకు 50 మీటర్లు, ఆపైన ఉంటుంది. మైలిన్ పోతే బాగా పడిపోతుంది. నేను ముందు చూడమనేది మాత్రం షాక్‌కు కండరం స్పందిస్తే గ్రాఫులో వచ్చే అలల సైజు. మణికట్టు దగ్గర షాక్ ఇస్తే పెద్ద అల, మోచేయి దగ్గర ఇస్తే బాగా చిన్న అల వచ్చిందంటే సంకేతం దారిలోనే ఆగిపోతోంది. ఈ కండక్షన్ బ్లాక్ షుగర్ ఒక్కదానివల్ల రావడం అరుదు.

ఈఎంజీలో కండరంలోకి సన్నని సూది గుచ్చి, లోపలి నరం పోగు కూడా దెబ్బతిందేమో చూస్తారు. కాస్త నొప్పి ఉంటుంది. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి.

ఏసీ గదిలో చేతులు చల్లబడితే వేగం తగ్గినట్టు కనిపిస్తుంది, వెచ్చబరిచాకే చేయమనండి.

రిపోర్టులో ‘పాలీన్యూరోపతీ’ (చాలా నరాలు దెబ్బతిన్నాయని) అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా అంకెలు, గ్రాఫులతో సహా తీసుకుని విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో మరోచోటో న్యూరాలజిస్టుకు చూపించండి. సీఐడీపీ అయితే స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల మందు)తో చాలామంది కోలుకుంటారు.