చెల్లి బిల్లుతో నీ బిల్లు పోల్చే ముందు

అమ్మడూ,

నువ్వు పంపిన రెండు బిల్లుల ఫోటోలూ చూశాను. కూకట్‌పల్లిలో నీది 232 యూనిట్లు, గుంటూరులో మీ చెల్లిది 225. "ఏడు యూనిట్ల తేడాకి రెండొందల యాభై ఎక్కువేంటి మామయ్యా, మా మీటరేమైనా పరుగెడుతోందా?" అని అడిగావు. మీటరుకేం రోగం లేదు. నేను కరెంటు శాఖ సర్వీసులో ఉండగా ఇలా వచ్చిన ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం మీటరు కాదు, శ్లాబు, అంటే వాడిన యూనిట్లని బట్టి మారే రేటు.

మీ చెల్లి వాళ్ల లెక్క మెట్లెక్కినట్టు ఉంటుంది. మొదటి 30 యూనిట్లకి 1.90, తరవాతి 45కి 3 రూపాయలు, ఆపైన 125 దాకా నాలుగున్నర, 225 దాకా ఆరు. పై మెట్టు ఎక్కినా కింది మెట్ల ధర మారదు. అలా 225కి 1,017 రూపాయలు.

తెలంగాణలో అలా కాదు. వంద దాటి 200 లోపు ఆగితే మొదటి వందకి 3.40, రెండో వందకి 4.80, మొత్తం 820. ఒక్క యూనిట్ దాటి 201 అయ్యిందనుకో, మొదటి నుంచీ లెక్క మారిపోతుంది. ఆ 200 యూనిట్లూ 5.10 చొప్పున 1,020, ఆపైన ఒక్కోటి 7.70. అంటే ఆ 201వ యూనిట్ ఒక్కటే 207 రూపాయలు! నీ 232కి 1,266 అయ్యింది అందుకే. గీత దాటిన 32 యూనిట్లకి నువ్వు కట్టింది 446, యూనిట్‌కి దాదాపు 14 రూపాయలు. ఇదంతా 2022లో ఖరారైన రేట్లతో కట్టిన లెక్క. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, డ్యూటీ, చెల్లి బిల్లులో ఇంధన సర్దుబాటు, ఇవన్నీ వేరే. బిల్లులు పోల్చేటప్పుడు కింద ఉన్న మొత్తం చూడకు. అందులో పాత బకాయి కూడా కలిసి ఉండొచ్చు. యూనిట్లు చూడు, ఎన్ని రోజుల బిల్లో చూడు.

కాబట్టి నీకు నేను చెప్పేది ఒక్కటే. వేసవిలో ఏసీతో 300 దాటే నెలల్లో 200 గురించి దిగులు పడకు, అప్పుడెలాగూ దొరకదు. 210, 230 దగ్గర తచ్చాడే నెలలున్నాయి చూడు, కష్టపడాల్సింది వాటిలో. ఆ ముప్పై యూనిట్లు ఎక్కడ పోతున్నాయో పట్టుకుంటే చాలు.

పట్టుకునే పద్ధతి చెబుతాను, పైసా ఖర్చు లేదు. మీటరు మీద మిణుకుమిణుకుమనే ఎర్ర లైటు ఉంటుంది. పక్కనే యూనిట్‌కి 3200 ఇంపల్స్ అనో, 1600 అనో రాసి ఉంటుంది, అంటే అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్. ఆదివారం పూట నువ్వు ఇంట్లో ఉండి, అల్లుడుగారిని ఫోనుతో కింద మీటరు బోర్డు దగ్గర నిలబెట్టు. మీ ఫ్లాట్ నంబరు మీటరేనని ముందు చూసుకోమను, పక్కవాళ్ల లైటు లెక్కపెట్టే మహానుభావులు చాలామంది ఉంటారు. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, గీజరు అన్నీ ఆపు. టీవీ దగ్గర సెట్‌టాప్ బాక్సు, వైఫై, ఇన్వర్టరు మాత్రం రోజూ ఎలా ఉంటాయో అలాగే వదిలెయ్. ఇప్పుడు లైటు ఒకసారి వెలిగాక మళ్లీ వెలగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడమను. 3200 మీటరైతే 1125ని ఆ సెకన్లతో భాగించు, అన్ని వాట్లు కాలుతున్నట్టు. 1600 అయితే 2250ని భాగించాలి.

30 సెకన్లకోసారి వెలిగిందనుకో, 37 వాట్లు. అంతేనా అనిపిస్తుంది. కానీ అది రాత్రింబవళ్లు ఆగదు, నెలకి 27 యూనిట్లు! నువ్వు వెతుకుతున్న ముప్పైలో చాలావరకు అక్కడే తేలిపోవచ్చు. ఒక్కొక్క ప్లగ్గూ తీసి మళ్లీ చూడండి. నా అనుమానం మీ ఇన్వర్టరు మీదే. బ్యాటరీ ముసలిదైతే నిండినట్టే నిండి మళ్లీ చార్జింగ్ లాగుతూ ఉంటుంది. డిస్టిల్డ్ వాటరు పోసి ఎన్నాళ్లయిందో చూడు. ఇంట్లో ఎంసీబీలన్నీ, అంటే కరెంటు బోర్డులోని బ్రేకరు స్విచ్చులన్నీ, దించేసినా లైటు వెలుగుతూనే ఉంటే మాత్రం మీటరుకీ ఇంటికీ మధ్య వైరింగులో ఏదో ఉన్నట్టు, ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

ఫోను చార్జరు ప్లగ్గులో వదిలేశానని అత్తగారు కోప్పడుతున్నారన్నావు. పెద్దావిడ మాట కొట్టెయ్యకు గానీ, దాంతో నెలకి తేడా వచ్చేది పైసల్లోనే.

తరవాత ఫ్యాన్లు. పాత ఫ్యాను ఫుల్ స్పీడులో 75 వాట్లు తింటుంది. రోజుకి పదిహేను గంటలు తిరిగితే నెలకి 33 యూనిట్లు పైనే. బీఎల్‌డీసీ అని తక్కువ కరెంటు తినే కొత్తరకం మోటారు ఫ్యాను 30 వాట్ల దగ్గర ఉంటుంది, అదే తిరుగుడుకి 13 చిల్లర. ఒక్క ఫ్యానుకి ఇరవై యూనిట్లు మిగిలాయి. ఇల్లంతా ఒకేసారి మార్చకు. ఎక్కువ తిరిగేవి హాల్లోది, మీ పడగ్గదిలోది, ఆ రెండూ మార్చు చాలు. చుట్టాల గదిలో ఏడాదికి నాలుగు రోజులు తిరిగే ఫ్యానుకి మూడు వేలు పెట్టడం దండగ. బిగించేటప్పుడు గోడ మీది పాత రెగ్యులేటరుని లైనులోంచి తప్పించమను. దాని మీద నడిపితే ఫ్యాను లోపలి ఎలక్ట్రానిక్ కార్డు పాడవుతుంది.

గీజరు 2000 వాట్లు, అరగంట వేడెక్కితే ఒక యూనిట్. ఒకరి తరవాత ఒకరు వెంటవెంటనే స్నానాలు కానివ్వండి. గంటకొకరు వెళితే చల్లారిన నీళ్లనే మళ్లీ కాచుకోవాలి. ఫ్రిజ్, ఏసీ కొత్తవి కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకు. ఆ లేబులు మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో, లేబులు ఏ సంవత్సరానిదో కూడా ఉంటాయి. ప్రమాణాలు మారుతుంటాయి కాబట్టి పాత అయిదు నక్షత్రాలూ కొత్త అయిదూ ఒకటి కావు. ఏసీ 24 మీద పెట్టి, ఫ్యాను తిప్పుకోండి. ఒక్క డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా మిగులుతుందని బీఈఈ, అంటే కేంద్రం వారి విద్యుత్ పొదుపు సంస్థ, వాళ్ల లెక్క.

ఇక నెల మధ్యలో చూసుకునే పని. 200ని ముప్పైతో భాగిస్తే రోజుకి ఆరున్నర యూనిట్లు చిల్లర. రీడింగు అబ్బాయి వచ్చిన తేదీ బిల్లులో ఉంటుంది, అక్కణ్నుంచి లెక్క. ఇరవయ్యో రోజుకి 130 దాటితే జాగ్రత్తపడు. మీటరు తెరమీద తేదీ, వోల్టేజీ, ఇంకా ఏవేవో తిరుగుతుంటాయి. నీకు కావాల్సింది కేడబ్ల్యూహెచ్ (యూనిట్లు) అని పడే అంకె ఒక్కటే. అందులోంచి బిల్లులో ఉన్న రీడింగు తీసేస్తే ఇప్పటిదాకా వాడింది తేలుతుంది.

మీ ఇంట్లో పనిచేసే ఆవిడకి కూడా ఈ లెక్క చెప్పు. తెల్ల రేషన్ కార్డుతో గృహజ్యోతి వచ్చేవాళ్లకి 200 దాకా ఉచితం, 2024 మార్చి నుంచి. ఒక్క యూనిట్ దాటితే ఆ నెల బిల్లంతా కట్టాలి. నీకు రెండొందలు పోయే చోట వాళ్లకి వెయ్యి పోతుంది.

చెల్లికి వేరే ఉత్తరం రాస్తున్నాను. సొంత డాబా ఉంది కాబట్టి దానికి సోలారే దారి. 2 కిలోవాట్లు పెడితే నెలకి 200 యూనిట్ల పైచిలుకు వస్తాయి, పీఎం సూర్యఘర్ అనే కేంద్ర పథకం కింద 60,000 సబ్సిడీ. నీది అపార్ట్‌మెంటు, పైకప్పు అందరిదీ. అసోసియేషన్ వాళ్లని ఒప్పించే ఓపిక నీకుందో లేదో నాకు తెలియదు.

ఫ్యాన్లు కొనకముందే ఆ లైటు ఎన్ని సెకన్లకి వెలిగిందో నాకు చెప్పు. ఇన్వర్టరు ఫోటో, బ్యాటరీ మీద ఉన్న తేదీతో సహా, పంపు.

ఆశీస్సులతో,
మీ మామయ్య