ప్రోస్టేట్ క్యాన్సర్‌కి బయటి రేడియేషన్ ఇచ్చాక బ్రాకీథెరపీ కూడా అవసరమా?

మీ నాన్నగారికి బయటి రేడియేషన్, బ్రాకీథెరపీ (గ్రంథి లోపలి నుంచే రేడియేషన్ ఇవ్వడం) రెండూ చేయాలన్నారని, ఒకటి సరిపోదా అని అడిగారు. మా నాన్నగారికి రెండూ చేయించాం కాబట్టి చెప్తున్నాను.

ఆయనది హై రిస్క్, గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ ఎంత ఉధృతమైందో బయాప్సీలో చూసి వేసే స్కోరు) 8. ఇలాంటి క్యాన్సర్‌కి గ్రంథిలో డోసు బాగా ఎక్కువ పడాలి. కానీ వెనక మలాశయం, పైన మూత్రాశయం ఆనుకుని ఉంటాయి. అంత డోసు బయటి నుంచే ఇస్తే అవి దెబ్బతింటాయి. సూదులతో లోపలే ఇస్తే గ్రంథి దాటగానే డోసు వేగంగా పడిపోతుంది. గ్రంథి అంచు దాటి కంటికి కనపడని కణాలేమైనా ఉంటే వాటి కోసం బయటి రేడియేషన్.

నాన్నగారికి చేసింది హెచ్‌డీఆర్, అంటే ఎక్కువ డోసుని కొద్దిసేపట్లో ఇచ్చే బ్రాకీథెరపీ. నడుముకి మత్తిచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నటి బోలు సూదులు పెట్టారు. రేడియేషన్ ఇచ్చే ఇరీడియం అనే లోహపు ముక్క మెషీన్ నుంచి వాటిలోకి వెళ్ళి, కొద్ది నిమిషాల్లో వెనక్కి వచ్చేస్తుంది. ఒంట్లో ఏమీ మిగలదు. మనవరాలిని దగ్గరికి తీసుకోవచ్చా అని అమ్మ చాలా టెన్షన్ పడింది. హెచ్‌డీఆర్‌కి ఆ భయం అక్కర్లేదు. అయోడిన్ గింజలు లోపలే ఉంచేసే పద్ధతికైతే చిన్నపిల్లలు, గర్భిణుల విషయంలో కొన్నాళ్ళు జాగ్రత్తలు చెప్తారు.

కెనడాలో 398 మందితో అసెండ్-ఆర్‌టీ అనే ట్రయల్ చేశారు. అందరికీ ఏడాది హార్మోన్ చికిత్స ఇచ్చారు. బయటి రేడియేషన్‌తో పాటు గింజలు కూడా పెట్టినవాళ్ళలో 9 ఏళ్ళకి 83 శాతం మందికి పీఎస్ఏ (క్యాన్సర్ తిరగబెట్టిందేమో చెప్పే రక్తపరీక్ష) మళ్ళీ పెరగలేదు. బయటిది మాత్రమే ఇచ్చినవాళ్ళలో అది 62 శాతం. ఆయుష్షులో మాత్రం స్పష్టమైన తేడా రాలేదు. పైగా 5 ఏళ్ళలో తీవ్రమైన మూత్ర సమస్యలు గింజలు పెట్టినవాళ్ళలో 18 శాతం మందికి వచ్చాయి, బయటిది మాత్రమే ఇచ్చినవాళ్ళలో 5 శాతమే. ఈ మాట ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించాల్సిందే. నా దృష్టిలో, మూత్రం ఇప్పటికే ఇబ్బంది పెడుతుంటే తొందరపడి ఒప్పుకోకూడదు.

నాన్నగారికి మంట, ధార సన్నబడటం, రాత్రిళ్ళు పదేపదే లేవడం కొన్ని నెలలు ఉన్నాయి. మూత్రం సులువుగా వచ్చేలా చేసే టాంసులోసిన్ మాత్రలతో మెల్లగా సర్దుకున్నాయి. అందుకే మూత్ర ధార వేగం చూసే యూరోఫ్లో పరీక్ష, గ్రంథి సైజు ముందే చూపించుకోండి. ఇంతకుముందు టర్ప్ ఆపరేషన్ (మూత్రనాళం గుండా ప్రోస్టేట్‌ని కొంత తీసేయడం) అయ్యుంటే తప్పకుండా చెప్పండి. మన దగ్గర హెచ్‌డీఆర్ మెషీన్లు ఎక్కువగా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కే వాడతారు. కాబట్టి ప్రోస్టేట్‌కి ఎంతమందికి చేశారని డాక్టరుగారిని మొహమాటపడకుండా అడగండి. మీ నాన్నగారు రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే, వాటిని ఎప్పుడు ఆపాలో సూదుల తేదీ ఖాయం చేసే రోజే కనుక్కోండి.